మన కరువు సీమలో ఆరోగ్య సాంఘిక సేవకులు

ఈ శతవార్షిక సంచికలో మందిరములను గూర్చి, పాఠశాలలను గూర్చి, బోర్డింగు హాస్టళ్లను గూర్చి వ్రాయువారు చాలామంది ఉన్నారు. వైద్య పరిచర్య చరిత్ర వ్రాయువారు డాక్టర్లను, నర్సులను తప్పక స్మరిస్తారు. కాని రోగికిని డాక్టరుకును నడుమ నిలిచి పనిచేసిన మరియొక వర్గము ఉన్నది. రోగి ఇంటిలో గింజలున్నవా లేవా, మందు తినుటకు ముందు తినుటకు అన్నమున్నదా, ఆసుపత్రినుండి ఇంటికి పోయిన తరువాత చూచుకొనే దిక్కెవరు అని అడిగిన వారు వీరు. నేటి పరిభాషలో వైద్య సామాజిక కార్యకర్తలు, అనగా మెడికల్ సోషల్ వర్కర్లు అంటున్నాము. పూర్వము వారికి ఆ పేరు లేదు. అనేకులకు ఏ పేరూ లేదు. వారిలో నాయకత్వము ఎట్లు పుట్టినది, ఒంటరిగా తిరిగిన మనుష్యులు ఒక వృత్తి సమాజముగా ఎట్లు కూడుకొన్నారు అన్నదే ఇక్కడ మేము వ్రాయదలచిన చరిత్ర.

మన నేల సంగతి సంఘస్థులకు చెప్పనక్కరలేదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడ వేరుశనగ పూతకు వచ్చినప్పుడు పడదు, కోసి కుప్ప వేసినప్పుడు పడుతుంది. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చివేసినది. అప్పటికి మన తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. 1882లో గాని అనంతపురం ప్రత్యేక జిల్లా కాలేదు. 1952లో సహితము గంజి కేంద్రములు పెట్టవలసి వచ్చినది. ఇట్టి చోట జబ్బు ఒంటరిగా రాదు. వాన లేక పైరు పోవును, పైరు పోతే అప్పు, అప్పు తీర్చుటకు బెంగుళూరికి వలస, ఇంటివద్ద ముసలివారు, పసిపిల్లలు, వారికి అర్ధాకలి, దాని వెనుక క్షయ. ఇందులో డాక్టరు చేతికి అందేది చివరి మెట్టు మాత్రమే. అందుచేత పైమెట్లను చూచే మనిషి అవసరము ఇతర జిల్లాలకంటె మన జిల్లాకు ఎక్కువ.

మిషను కాలములో ఆ పనిని ఎవరు చేశారు? లండన్ మిషనరీ సొసైటీవారి పని 1810లో జాన్ హ్యాండ్స్ దొరగారితో బళ్లారిలో మొదలై, క్రమముగా తెలుగు తాలూకాలకు ప్రాకినది. తరువాత మనకు పొరుగైన జమ్మలమడుగులో పెద్ద ఆసుపత్రి లేచినది. డాక్టర్ కాంప్‌బెల్ గారి పేరు ఆ ఆసుపత్రికి నేటికిని నిలిచియున్నది. ఇట్టి మిషన్ ఆసుపత్రులలో బైబిలు స్త్రీలు ఉండేవారు. వార్డులో పుస్తకము చదివి వినిపించుట వారి కొలువు. కాని మంచము ప్రక్క కూర్చున్నవారికి పుస్తకము ఒక్కటే చాలదు. బిడ్డను ఎవరివద్ద వదలి వచ్చితివమ్మా, నీ పెనిమిటి ఎందుకు రాలేదు అని అడుగకుండ ఏ స్త్రీ కూర్చోగలదు? రోగి ఇంటికి వెళ్లిన తరువాత ఆ వాడకు పోయి చూచి వచ్చేదియు వారే. గోషాలో ఉండే స్త్రీల గడపలోనికి డాక్టరుకంటె ముందు వీరే పోగలిగారు.

అయినను వారిలోనుండి నాయకులు రాలేదని ఒప్పుకొనవలెను. వారి తెలివి తక్కువై కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క దొరసానిగారి క్రింద, ఒక్కొక్క స్టేషనులో పనిచేశారు. ఒకరికి తెలిసినది ఇంకొకరికి చెప్పుకొనే చోటు లేదు. తమ పనిని తామే కొలిచి, ఇది మంచి పద్ధతి, ఇది కాదు అని నిర్ణయించే అధికారము వారికి లేదు. ఒక స్త్రీ ముప్పది సంవత్సరములలో నేర్చినది ఆమెతోనే సమాధికి పోయినది.

ఇదే కాలమందు సముద్రముల ఆవల ఏమి జరిగినదో చూడవలెను, ఎందుకనగా దాని పోలిక మన జిల్లాలో వంద సంవత్సరముల తరువాత కనబడినది. 1895లో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో మేరీ స్టువర్ట్ అను ఆమెను నియమించారు. ఆల్మొనర్ అని ఆ ఉద్యోగము పేరు. ఆమెను పెట్టుకొన్నది దయచేత అనుకొంటే పొరపాటు. డబ్బు ఇచ్చుకోగలవారు ఉచిత వైద్యమును వాడుకొనుచున్నారేమో కనిపెట్టుటకు పెట్టుకొన్నారు. అనగా ఆమె గుమ్మములో నిలిచిన తనిఖీదారు. కాని తనిఖీకి కూర్చున్న మనిషికి పేదల లెక్కలన్నియు తెలిసివచ్చును. ఎవరు మోసగించుచున్నారో చూడబోయినవారికి, ఎవరు సిగ్గుచేత అడుగలేక పోవుచున్నారో కూడ కనబడును. ఆ ఉద్యోగము కాలక్రమమున తనిఖీనుండి సహాయమునకు తిరిగినది.

అమెరికాలోని బోస్టన్ నగరమున కథ వేరే దారిని వచ్చినది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రిచర్డ్ కాబట్ అను వైద్యుడు ఒక సంగతి గమనించాడు. విశ్రాంతి తీసికో, మంచి ఆహారము తిను, గాలి వచ్చే ఇంటిలో ఉండు అని చీటీ వ్రాసి ఇచ్చుచున్నాము. ఆ మూడును లేనందుననే గదా ఆ మనిషి జబ్బుపడినది! 1905లో గార్నెట్ పెల్టన్ అను నర్సును ఈ పనికి పెట్టాడు. జీతము ఆసుపత్రి ఇవ్వలేదు, తొలుత డాక్టరే సమకూర్చవలసి వచ్చినది. పెల్టన్ కొద్దికాలములోనే క్షయ సోకి పని విడిచినది. ఆమె స్థానమున వచ్చిన ఐడా కానన్ దాదాపు నలుబది సంవత్సరములు ఆ పనిని నడిపినది.

ఐడా కానన్‌ను గూర్చి ఒక మాట ఎక్కువ చెప్పవలెను. ఆమె తన ఆసుపత్రి గోడల మధ్యనే ఉండి మంచి పేరు తెచ్చుకొని ఉండవచ్చును. అట్లుగాక ఇతర నగరముల ఆసుపత్రులకు పోయి, అక్కడ ఇదే పనిలో చిక్కులు పడుచున్న స్త్రీలను కలిసి, తాను నేర్చినది పుస్తకముగా వ్రాసి పంచినది. 1918లో కాన్సాస్ నగరమున ఆసుపత్రి సాంఘిక సేవకుల సంఘము ఏర్పడుటలో ఆమెది ముఖ్యమైన చేయి. అట్టివారు కూడుకొన్న తరువాతనే శిక్షణ ఎంత ఉండవలెను, రోగి రహస్యమును ఎట్లు కాపాడవలెను, డాక్టరు మాటను ఎప్పుడు ఒప్పుకొనవలెను, ఎప్పుడు ప్రశ్నింపవలెను అను విషయములు తేలినవి. ఆసుపత్రి పెత్తనదార్లు ఆ విభాగమును తమ సొంత విభాగముగా స్వీకరించినది కూడ ఆ తరువాతనే, 1919లో. 1955లో ఆ సంఘము ఇతర సంఘములతో కలిసి జాతీయ సాంఘిక సేవకుల సంఘములో విలీనమైనది. కొన్నేండ్లకు ఆసుపత్రి విభాగముల అధిపతులు, మా సమస్యలు వేరు అని మరల తమకొక ప్రత్యేక కూటమి పెట్టుకొన్నారు. విడిపోవుట, కలియుట, మరల విడిపోవుట మన సంఘ చరిత్ర తెలిసినవారికి వింత కాదు.

మన దేశమునకు ఈ విద్య బొంబాయి దారిని వచ్చినది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికను మిషనరీ నాగపాడ పేటలో కార్మికుల మధ్య పనిచేసి, తర్ఫీదు లేని దయవలన పని జరుగదని గ్రహించాడు. టాటావారి ధర్మనిధితో 1936లో సాంఘిక సేవా విద్యాలయము పెట్టారు. అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్. 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో మొదటి మెడికల్ సోషల్ వర్కర్‌ను నియమించారు. అదే సంవత్సరము భోర్ కమిటీవారు తమ నివేదికలో పెద్ద ఆసుపత్రులకు ఇట్టివారు అవసరమని వ్రాశారు. వ్రాసినంతమాత్రాన అనంతపురానికి వచ్చునా? పట్టా పుచ్చుకొన్నవారు బొంబాయి, ఢిల్లీ, మద్రాసు ఆసుపత్రులలో కుదురుకొన్నారు. మన జిల్లా రోగులు వెల్లూరుకో బెంగుళూరుకో పోయినప్పుడు మాత్రమే అట్టి మనిషిని చూడగలిగేవారు. జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000 సంవత్సరమున గాని రాలేదు. వైద్య కళాశాలలకు మెడికల్ సోషల్ వర్కర్ పోస్టు ఉండవలెనను నిబంధన అప్పుడు మన ఊరికిని వర్తించినది.

అయితే దానికి మునుపే, వేరొక దిక్కునుండి, పట్టాలు లేని చేతులతో ఈ పని మన పల్లెలలో మొదలైనది.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అను స్పెయిను దేశస్థుడు అనంతపురం చేరాడు. బార్సిలోనాలో 1920లో పుట్టినవాడు, జెస్విట్ సన్యాసి. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులకు బావులు త్రవ్వించి ప్రభుత్వమువారి ఆగ్రహమునకు పాత్రుడై, 1968లో దేశము విడిచి పోవలసి వచ్చి, మరల అనుమతి పొంది ఈ జిల్లాకు వచ్చాడు. 1970లో సన్యాసమును విడిచి, ఆన్ పెర్రీ అను ఆంగ్ల పాత్రికేయురాలిని వివాహమాడెను. ఇద్దరును కలిసి నడిపినదే గ్రామీణాభివృద్ధి ట్రస్టు, మన జనము నోట ఆర్.డి.టి. ఆయన 2009 జూన్ 19న అనంతపురములోనే గతించగా బత్తలపల్లిలో సమాధి చేశారు. ఆయన మన సంఘమువాడు కాడు. అయినను జిల్లా చరిత్ర వ్రాయువారు ఆయనను దాటిపోలేరు.

బావులు, ఇండ్లు, బడులు అందరును ఎరిగినవే. మాకు ఇక్కడ కావలసినది పల్లె ఆరోగ్య కార్యకర్తల సంగతి. దళితవాడనుండి, సుగాలి తండానుండి ఆ ఊరి స్త్రీనే ఏర్పరచి, ఆమెకు నేర్పి, ఆ ఊరిలోనే పనికి పెట్టారు. గర్భిణులను కనిపెట్టుట, పసిబిడ్డల తూకము చూచుట, ప్రమాదమని తోచినప్పుడు ఆసుపత్రికి పంపుట ఆమె పని. తరువాత కళ్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లిలలో ఆసుపత్రులు లేచినప్పుడు, ఊరికిని ఆసుపత్రికిని నడుమ త్రోవ అప్పటికే ఉన్నది. ఆసుపత్రి కట్టి రోగులకొరకు ఎదురుచూచుట ఒక పద్ధతి. త్రోవ వేసి ఆసుపత్రి కట్టుట మరియొక పద్ధతి. మా అభిప్రాయములో రెండవదే తెలివైనది.

ఇంచుమించు అదే సమయమున, 1970లో, మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ అను మరియొక కరువు తాలూకాలో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు పని మొదలుపెట్టారు. ఇద్దరును వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. వారును ఊరి స్త్రీలనే ఎన్నుకొన్నారు. అందులో అక్షరము రానివారు అనేకులు. వారిని వారము వారము జామ్‌ఖేడ్‌కు రప్పించి, ఒకచోట వండి తినుట, ఒకచోట పడుకొనుట పెట్టారు. కులముల మధ్య నీళ్ల కడవ తాకరాని కాలమది. ఆ రాత్రులలో ఒక ఊరి కార్యకర్త తన ఊరిలో బిడ్డకు విరేచనములు ఎట్లు కట్టినవో చెప్పగా, మరియొక ఊరామె వినెను. కొన్ని సంవత్సరములకు క్రొత్తగా చేరినవారికి పాఠము చెప్పునది డాక్టరు కాక పాత కార్యకర్తయే అయినది. బైబిలు స్త్రీలకు దొరకనిది ఇదే. కూడుకొనే చోటు, తోటివారి చెవి, తాను నేర్చినది మరియొకరికి నేర్పే అధికారము.

ప్రభుత్వమువారును 1977 అక్టోబరు 2న గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకమును పెట్టారు. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనము. మరుసటి సంవత్సరము ఆల్మా ఆటాలో ప్రపంచ దేశములు కూడి అందరికి ఆరోగ్యము అని ప్రకటించినప్పుడు మన పథకము ముందే ఉన్నదని గర్వపడ్డాము. కాని ఎన్నికైనవారిలో ఎక్కువమంది పురుషులు; గర్భిణి ఇంటిలోనికి వారు ఏమని పోగలరు? పేరు 1980లో ఒకసారి, 1981లో మరియొకసారి మార్చారు. పేరు మార్చినంత సులభముగా పని మారలేదు.

ఎయిడ్స్ వచ్చిన తరువాత ఈ పని కష్టము రెండింతలైనది. మందు ఉన్నను మనిషి రాడు. వచ్చినను తన ఊరి పేరు సరిగా చెప్పడు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వము మన రాష్ట్రముతో సహా వ్యాధి ఎక్కువగానున్న రాష్ట్రములలో ఉచిత మందులు మొదలుపెట్టినది. బత్తలపల్లి ఆసుపత్రి వైద్యులు జిల్లా రోగులను గూర్చి ప్రచురించిన పరిశీలనలలో పేదరికము, నిరక్షరాస్యత, వ్యాధి ముదిరిన తరువాత ఆలస్యముగా వచ్చుట మరల మరల కనబడుచున్నవి. స్త్రీలలో విధవలు అనేకులు. భర్త పోయి, అత్తింటివారు వెళ్లగొట్టి, తనకును అదే జబ్బని తెలిసిన స్త్రీతో మొదట మాటాడునది సలహాదారు, అనగా కౌన్సిలరు. ఆ గదిలో జరిగే మాటకు మందుతో సమానమైన బరువున్నది. రోజుకు పదిమందికి ఆ మాట చెప్పినవారు సాయంత్రము ఎవరితో చెప్పుకొందురు? తోటివారి కూటమి లేనిచోట ఆ ఉద్యోగములో మనుష్యులు నిలువరు. నిలిచినవారును రాయివలె అగుదురు.

మనస్సు జబ్బుల విషయములో పొరుగు జిల్లా దేశమునకే మార్గము చూపినది. 1985 మొదలుకొని బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు బళ్లారి జిల్లాలో మానసిక వైద్యమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రములవరకు తీసికొనిపోయారు. వైద్యునితో పాటు మనస్తత్వ నిపుణుడు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఒక జట్టుగా పనిచేశారు. 1996లో దేశమంతట మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య పథకమునకు ఆ బళ్లారి అనుభవమే నమూనా. రైతుల ఆత్మహత్యలతో తల్లడిల్లిన మన జిల్లాకు ఇది ఎంత సమీపమైన సంగతియో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక 2007. రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకము ఆ ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలైనది: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. దానిని పెట్టిన ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు వైద్యపట్టా పుచ్చుకొన్న తరువాత జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలము పనిచేసినవారు అని మన పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఈ పథకముతో ఆరోగ్యమిత్ర అను క్రొత్త మనిషి వచ్చాడు. ఆసుపత్రి ద్వారముదగ్గర బల్ల వేసికొని, తెల్ల కార్డు చూచి, ఈ జబ్బు జాబితాలో ఉన్నదా లేదా పరిశీలించి, అనుమతికి కాగితములు పంపి, రోగిని వార్డుకు చేర్చుట అతని విధి.

మా వంటి పాదిరులకు ఆ బల్ల బాగుగా తెలుసు. సంఘస్థులు, సంఘస్థులు కానివారును, కాగితముల కట్ట తెచ్చి, అయ్యగారూ ఇది ఎక్కడ చూపవలెను అని అడుగుదురు. ఒకమారు ఒక పెద్ద నగరపు ఆసుపత్రిలో, కార్డులో తండ్రి పేరు ఒక అక్షరము తప్పుపడినదని ఒక కూలివానిని రెండు దినములు వరండాలో కూర్చుండబెట్టారు. అదే బల్లవద్దకు మరునాడు వేరొక ఆరోగ్యమిత్ర వచ్చెను. ఆమె తహసీల్దారు ఆఫీసుకు తానే ఫోను చేసి, గంటలో పని ముగించినది. నియమము ఒకటే, బల్ల ఒకటే. మొదటి మనిషి తనిఖీదారు, రెండవ మనిషి సహాయకురాలు. లండనులో 1895లో మొదలైన ప్రశ్న మన వరండాలో అట్లే కూర్చున్నది.

ఆ రెండవ మనిషిని తయారు చేయునది ఏది? మంచి హృదయము అని మన సంఘములలో వెంటనే జవాబిత్తురు. హృదయము కావలసినదే. కాని ఆమెకు తహసీల్దారు ఆఫీసు నంబరు ఎక్కడిది? ఇట్టి చిక్కులో ఏమి చేయవలెనో తన తోటివారివద్ద ఆమె విని ఉన్నది. నియమమును ఎంతవరకు వంచవచ్చునో, ఎక్కడ వంచరాదో చెప్పిన పెద్ద ఒకరు ఆమె పైన ఉన్నారు. అదే వృత్తి సమాజము, అదే నాయకత్వము. ప్రభుత్వములు మారినప్పుడల్లా పథకము పేరు మారినది. ఆరోగ్యమిత్ర కూడ కొంతకాలము వైద్యమిత్ర అయినాడు. వారు జీతముల కొరకు, ఉద్యోగ భద్రత కొరకు పలుమార్లు ఆందోళనకు దిగారు. దానిని తప్పుపట్టువారు ఉన్నారు, మేము పట్టము. జీతము కొరకైనను ఒకచోట కూర్చున్నవారు, పని సంగతి కూడ అక్కడ మాటాడుకొందురు.

2021లో పార్లమెంటు ఆరోగ్య సంరక్షణ వృత్తులకు ఒక చట్టము చేసినది. దాని పట్టికలో మెడికల్ సోషల్ వర్కర్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, ఎయిడ్స్ కౌన్సిలర్ అను పేర్లు స్పష్టముగా ఉన్నవి. జె.జె. ఆసుపత్రి నియామకమునకు 75 సంవత్సరముల తరువాత ఈ వృత్తికి దేశ చట్టములో పేరు దొరికినది. అయితే ఆ చట్టము క్రింద ఆరోగ్య వృత్తి నిపుణుడని అనిపించుకొనుటకు తక్కువలో తక్కువ 3600 గంటల చదువు కావలెను; దానికి అనుబంధ నిపుణుడనుటకైనను 2000 గంటలు. రోగిని కాపాడుటకు అట్టి కొలత అవసరమే, దానిని మేము కాదనము. కాని తండాలో ఇరువది సంవత్సరములు గర్భిణుల వెంట తిరిగిన స్త్రీ గంటలను లెక్కించే గడియారము ఆ చట్టములో లేదు. 2005లో మొదలైన ఆశా కార్యకర్తలకు 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆరోగ్య నాయకుల పురస్కారమును ఇచ్చారు. ప్రపంచము నాయకులని పిలిచిన ఆ స్త్రీలను మన ప్రభుత్వము లెక్కలలో స్వచ్ఛంద సేవకులనే పిలుచుచున్నారు.

చదివినవారి కూటములు పట్టణములలో జరుగును, ఎక్కువగా ఆంగ్లములో. చదువని కార్యకర్తల కూటములు పల్లెలలో, తెలుగులోను లంబాడీలోను జరుగును. ఒకరి సంగతి ఒకరికి చేరే చోటు ఈ జిల్లాలో మేము ఎరిగినంతవరకు అరుదు. మన పాస్టరేటు హాళ్లు వారములో ఐదు దినములు తాళము వేసియే ఉన్నవి. ఆశా కార్యకర్తలు, కౌన్సిలర్లు, ఆరోగ్యమిత్రలు నెలకొక దినము అక్కడ కూర్చుండుటకు ఏ కమిటీ తీర్మానమును అడ్డు రాదనుకొందుము. చాపలు, త్రాగునీరు ఉంటే చాలును.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా చీలినప్పుడు బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది, కళ్యాణదుర్గం, కణేకల్లు అనంతపురములోనే ఉండిపోయినవి. కార్యకర్తల రిజిస్టర్లలో జిల్లా పేరు కొట్టివేసి క్రొత్త పేరు వ్రాసికొన్నారు.